మా అత్తమ్మ, పన్నెండు ప్రతులు మాత్రమే

మా అత్తమ్మ ముఖం పన్నెండు ఇళ్ళలో ఉండేది. ఆ పన్నెండింట్లో మా ఇల్లు లేదు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. "ఒక ఫోటో తీయించి పెట్టుకోవచ్చు కదా" అంటారు. ఫోటోకి కూర్చునే మనిషే అయితే నాకీ గోల చెప్పుకునే పనే ఉండేది కాదు.

కెమెరా మనిషి ఆయుష్షును గుంజుకుంటుందని అత్తమ్మ నమ్మకం. మామగారిదీ అదే నమ్మకం. ఆయన మొఘల్‌పురాలో మా ఇంటి వెనక సందులో ఉన్న చిన్న గుడిలో అర్చకులు. జీవితంలో ఒక్క ఫోటో దిగకుండా, ఆయుష్షునంతటినీ జాగ్రత్తగా దాచుకుని, నలభై దాటీ దాటకముందే పోయారు. ఒకసారి ఉండబట్టలేక ఆ సంగతి ఎత్తాను. "ఫోటో దిగుంటే ఇంకా ముందుగాలనే పోతుండె" అంది అత్తమ్మ. వాదనలో ఆమెను గెలిచినవాళ్ళు మా వాడలో ఎవరూ లేరు. నేను మాత్రం ఎంత?

మా ఆయన డ్రాయింగ్ మాస్టరు. గుడి సేవ బావగారికి పోయింది, బడి సేవ ఈయనకు దక్కింది. ఆ యాభైల మొదట్లో బళ్ళలో ఉర్దూ చదువు పోయి తెలుగు చదువు వస్తోంది, ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరిది ఊడుతుందో తెలియక పంతుళ్ళందరూ బిక్కచచ్చి ఉన్నారు. ఈయనకా ఫికరు లేదు. మామిడికాయ ఉర్దూలో గీసినా తెలుగులో గీసినా మామిడికాయే. అందుకే ఊరంతా లొల్లిగా ఉన్నప్పుడు మా ఇంట్లో మాత్రం కళ వర్ధిల్లింది.

ఆయనకు తీరని కోరిక ఒకటుండేది, తండ్రి బొమ్మ వేయాలని. జ్ఞాపకం మీద వేయబోయేవారు. చుట్టాలు వచ్చి దిద్దేవారు. ముక్కు ఇంకాస్త పొడుగని బావగారు, కళ్ళు అంత పెద్దవి కావని మేనత్త, చెవులు తనవేనని చిన్నాయన. అందరి మాటా విని దిద్దగా దిద్దగా ఆ బొమ్మ ఆఖరికి వాళ్ళ బడి హెడ్మాస్టరులా తయారైంది. అత్తమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తరవాత వంటింట్లోకి వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"పిల్లా, గాయన మొఖం నాకు గూడ సరిగ యాదికొస్తలేదే. గొంతు యాదికున్నది. మొఖం పోయింది."

పొయ్యిలో కట్టె సర్దాను.

"నా మొఖం గట్ల కావద్దు" అంది మళ్ళీ. "నా మనుమలు, మనుమరాండ్లు మా నాయినమ్మ గిట్లుండె అని చూసుకోవాలె. గంతే. ఇంకేం అడుగను మిమ్మల్ని."

ఇంకేం అడగననడం ఆమెకు ప్రతిపూటా అలవాటే. కానీ ఈసారి అడిగిందొక్కటే. అప్పటికి మాకు చంకలో ఒక్క కొడుకు. వాడికైనా ఆ తరవాత పుట్టబోయేవాళ్ళకైనా ఆమె ముఖం ఇంట్లో ఉండాలి, అదీ కెమెరా లేకుండా. ఆ కోరిక తీర్చడానికే మా ఆయన చెక్క అచ్చు మొదలుపెట్టారు. దాని సంగతి ఆయన ఏదో పుస్తకంలో చూశారు. నున్నటి చెక్క మీద బొమ్మ గీసి, ఉలితో చెక్కి, సిరా పూసి కాగితం మీద అద్దాలి. చెక్కిన చోటల్లా తెల్లగా, మిగతా అంతా నల్లగా వస్తుంది.

"చెక్కనా?" అంది అత్తమ్మ. "చెక్కయితే నాకేం ఫికర్ లేదురా. దేవుండ్లనే చెక్కతోని చేస్తరు."

దేవుళ్ళ పక్కన తన పేరు చేర్చుకోవడానికి ఆమె క్షణం కూడా తడుముకోలేదు.

జుమ్మెరాత్ బజారులో ఎవరిదో కూల్చిన ఇంటి టేకు తలుపు ముక్క దొరికింది. అత్తమ్మ రోజూ దీపారాధనకు ఒత్తులు చేసుకునే వేళ మా ఆయన ఎదురుగా కూర్చుని గీసేవారు. నోరు కదిలిస్తే గీత తప్పుతుందని ఆయన మొత్తుకునేవారు. "నోరు బందు వెడితే గది నేనెట్లయితరా?" అని ఆమె. న్యాయమే. బొమ్మ అయ్యేలోపు మా పెళ్ళినాటి మర్యాదలలో జరిగిన లోపాలన్నీ నేను మొదటినుంచి ఇంకొక్కసారి విన్నాను.

చెక్కడం అయ్యాక అద్దడం. ప్రెస్సు లేదు. ఛత్తాబజారులో పెళ్ళి కార్డులు అచ్చువేసేవాళ్ళ దగ్గర డబ్బాడు నల్లసిరా తెచ్చారు. కాగితం పరిచి వెనకనుంచి గట్టిగా రుద్దాలట, దేనితో? నా ఇత్తడి గంటెతో! మా అమ్మ పెట్టి పంపిన గంటె. అన్నం వడ్డించుకునేది. నేను చూసేసరికి అది సిరాలో తానమాడి ఉంది. ఆ పూట నేనేమన్నానో ఇక్కడ రాయను. రాసినా అచ్చు వేయరు.

కానీ కాగితం ఎత్తి చూపించగానే నా కోపం ఎటు పోయిందో పోయింది. నెత్తిమీద కొంగు, కింద చూపు, నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటీ తెల్లగా సన్నగా. నన్ను తిట్టబోయే ముందు ఆమె కింది పెదవి ఒకలా బిగుసుకునేది. ఆ బిగింపు కూడా దిగింది. నిజం చెబుతున్నాను, చూసిన మరుక్షణం నేను పైట సర్దుకుని నిలబడ్డాను.

అత్తమ్మ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. "గింత ముసలిదాన్నయిన్నా?" అంది. ఆ వెంటనే, "మంచిగున్నది. గోడకు వెట్టుర్రి" అంది.

ఆ గోడకు పెట్టడమే జరగలేదు. మధ్యలో నవాబు సాబు వచ్చారు.

ఆయన్ని నవాబు అనడం అలవాటు కొద్దీ. జాగీరు అప్పటికే పోయింది. ఉన్నదల్లా పాత దేవిడీ, అంటే బయటి గోడ పెచ్చులూడుతున్న పెద్ద హవేలీ, అందులో కొన్ని గదుల నిండా గతం. నెలకొక షాండ్లియరు అమ్మి నెలకొక బొమ్మ కొనేవారని చెప్పుకునేవారు. యవ్వనంలో యూరపులో తిరిగి వచ్చారు. ఊళ్ళో తనలాంటి రసికులను నలుగురిని పోగేసి ఒక కళాసంఘం పెట్టారు. మా ఆయన బడి వార్షికోత్సవంలో నాలుగు బొమ్మలు తగిలిస్తే వాటిని చూసి, ఒకనాటి పొద్దున శేర్వాణీ వేసుకుని మా ఇరుకు సందులోకి నడిచి వచ్చారు.

మా ఇంటి వసారాలో మడి బట్టలు ఆరేసే తాడు మీద అత్తమ్మ ముఖాలు వరసగా ఆరుతున్నాయి. ఆయన వాటి ముందు నిలబడిపోయారు. "వాహ్" అన్నారు. తరవాత అసలు ప్రశ్న వేశారు.

"మాస్టర్ సాబ్, గిట్లాంటివి ఎన్ని తీస్తరు?"

"ఎన్నంటే అన్ని తీయొచ్చు సాబ్" అన్నారు మా ఆయన గర్వంగా.

నవాబు సాబు ముఖం చిన్నబోయింది. "నక్కో, నక్కో! ఎన్నంటే అన్ని తీస్తే అది గోడగోడకు అతికిచ్చే సబ్బు ఇష్తిహార్ అయితది. కమ్ ఉండాలె. కమ్ ఉంటెనే ఖదర్." తక్కువ ఉంటేనే విలువట.

అప్పుడు విన్నాం లిమిటెడ్ ఎడిషన్ అనే మాట. ఎన్ని ప్రతులో ముందే అనుకోవాలి. ప్రతి కాగితం కింద పెన్సిలుతో నంబరు వేసి సంతకం చేయాలి. విడిగా ఒక్క ప్రతి కూడా ఎక్కడా మిగలకూడదు. అన్నీ అయ్యాక కొన్నవాళ్ళ ఎదుట ఆ చెక్క మీద అడ్డంగా రెండు గీతలు లోతుగా కోసి కొట్టివేయాలి. ఇక అది మళ్ళీ పనికిరాదు. అది యూరపు దస్తూరట, వాళ్ళ ఆనవాయితీ. మా ఇంట్లో చుట్టాలకు లిమిటు లేదు, దోమలకు లిమిటు లేదు, అత్తమ్మ మాటలకు అసలే లేదు. మొట్టమొదట లిమిటు పెట్టింది ఆమె ముఖానికే.

పన్నెండు అని ఖాయం చేశారు. మా ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఒక డ్రాయింగ్ మాస్టరు బొమ్మకు దేవిడీలో ఎగ్జిబిషన్! నవాబు సాబు నోరు తిరగని పేర్లు చెబుతుంటే ఈయన అన్నింటికీ తల ఊపారు. ఊపుతూ ఊపుతూ, పన్నెండూ అమ్మకానికేనని మాట ఇచ్చేశారు. మా ఇంటికి ఒకటి కావాలన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చేసరికి నవాబు సాబు ఖరీదుదారులకు కబురు పంపేశారు.

మంచి పన్నెండు ఏరాక, నమూనాకని ముందు తీసినవి, సిరా అలికినవి చాలా మిగిలాయి. విడి ప్రతి ఉండకూడదు కదా. నీళ్ళ పొయ్యిలో వేయమని నా చేతికిచ్చారు. వేశాను. పొద్దున్నే కాగు కింద కూర్చుని మా అత్తమ్మ ముఖాన్ని ఒక్కొక్కటిగా మంటలో పెట్టాను. ఇంత అదృష్టం ఏ కోడలికైనా పడుతుందా అని మొదటి రెండు కాగితాలకూ లోలోపల నవ్వుకున్నాను కూడా. మూడోది పెదవి దగ్గర అంటుకుని ముడుచుకుపోతుంటే నాకు చేతులాడలేదు. మిగతావి ఆయన్నే కాల్చుకోమన్నాను.

ఎగ్జిబిషన్ అనగానే అత్తమ్మ నుమాయిష్ అనుకుంది. ఊళ్ళో ఏటా పెట్టే ఆ సంబరంలాగే రంగులరాట్నం, మిర్చి బజ్జీలు ఉంటాయని పక్కింటావిడను కూడా బయల్దేరదీసింది. రిక్షాలో వెళ్ళాం. దేవిడీ పెద్ద హాలులో గోడల నిండా బొమ్మలు, మధ్యలో మనుషులు, ఎవరూ ఏమీ తినడం లేదు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. "ఎవలన్న పోయిండ్రానే?" అని అడిగింది నన్ను చెవిలో.

ఆమె ముఖం మంచి చోటే పెట్టారు, వెలుతురు పడే చోట. పక్కన చీటీ మీద 'వృద్ధురాలు' అని మూడు భాషల్లో ఉంది. పన్నెండింటిలో మొదటిది గోడకు, తక్కినవి బల్ల మీద అట్టల మధ్య. ఒక్కొక్కరు కొంటున్న కొద్దీ ఫ్రేము కింద గోడ మీద ఎర్రని గుండ్రటి చుక్క అంటిస్తున్నారు, అది అమ్ముడుపోయిందనే గుర్తు. మేము వెళ్ళేసరికి ఏడో ఎనిమిదో ఉన్నాయి. చూస్తుండగానే ఇంకో రెండు అంటించారు.

అత్తమ్మ ఆ వరసను చూసింది. మామగారు పోయిన నాటినుంచి నుదుట బొట్టు లేని మనిషి. ఏమంటుందోనని ఆమె వంక చూశాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది!

"గాయన పోయి గిన్నేండ్లకు ఎన్ని బొట్లు వెట్టిండ్రే నాకు!" అంది. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. పక్కింటావిడ మాత్రం రాముడా కృష్ణుడా అనుకుంటూ అటు తిరిగింది.

కొన్నవాళ్ళ తీరు చెప్పాలి. ఒక్కరు కూడా ఆమె ముఖం వంక నిలిచి చూడలేదు. వంగి కింది అంచున నంబరు చూసేవారు. మూడో నంబరు దొరికినాయన తొమ్మిదో నంబరాయన వంక జాలిగా చూశాడు. అందరికంటే గట్టివాడు ఒక డాక్టరు సాబు. భూతద్దం తెచ్చుకుని సంతకం పరీక్షించాడు. రెండో నంబరు ఆయనది. ఇంట్లో ఏ గోడకు పెడతారని మా ఆయన ఆశగా అడిగారు.

"గోడకా! ఎండ తగుల్తది, గర్దా దుమ్ము పడ్తది. అల్మారీల, బటర్ పేపర్ల నడుమ పెడ్త" అన్నాడు డాక్టరు.

ఇది ఇంటికొచ్చాక అత్తమ్మకు చెప్పాను. "అల్మారీల పండవెడ్తడా నన్ను?" అని ఆశ్చర్యపోయింది. తరవాత అసలు మాట అడిగింది. "సరే, వాళ్ళయి వాళ్ళు కొనుక్కున్నరు. మరి నాదేదిరా? గోడకు మొల గూడ కొట్టించిన."

మా ఆయన తల దించుకున్నారు. పన్నెండూ అయిపోయాయని చెప్పారు.

"అయిపోతే ఇంకోటి తియ్యి. చెక్క ఉన్నది, సిరా ఉన్నది, నీ పెండ్లాం గంటె ఉన్నది."

అప్పుడు చెప్పాల్సి వచ్చింది, ఇంకోటి తీయకూడదని. తీయకుండా ఉండేందుకే రేపు సాయంత్రం ఎగ్జిబిషన్ ముగింపులో అందరి ముందు ఆ చెక్క మీద, అంటే ఆమె ముఖం మీద, రెండు గీతలు కోయాలని. కోసేది తనేనని.

అత్తమ్మ గోడకు కొట్టించిన మొల వంక చూసింది. "నా మొఖం మీద" అంది. "నా కొడుకు. నలుగురి ముంగట." లేచి వెళ్ళి జపమాల తీసుకుని కూర్చుంది. మాల తిరగడం లేదు, చేతిలో ఊరికే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నేనే నడుం కట్టాను. "ఇంకా చెక్క ఇంట్లోనే ఉన్నది. ఒక్కటంటే ఒక్కటి తియ్యిర్రి. నేను తలుపుకు గొళ్ళెం వెడ్త. ఎవ్వరికి ఎర్కయితది?" అన్నాను. గంటె కూడా తోమి చేతికిచ్చాను. ఆ గంటె విషయంలో నేనంతకంటే పెద్ద త్యాగం చేయలేను.

"పన్నెండు అని నా చేత్తోని రాసిన" అన్నారాయన. "పదమూడోది తీస్తే గా పన్నెండు గూడ అబద్ధమైతయి."

"అబద్ధం వాళ్ళ అల్మారీల పడి ఉంటది. అత్తమ్మ మొఖం మనింట్ల ఉంటది. ఏది మంచిది?"

ఆయన గంటెను తిరిగి నా చేతిలో పెట్టారు. ఆ మనిషి మంచితనం అలాంటిది, ఎవరికీ పనికిరాదు. తిడదామని నోరు తెరిచేసరికి గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. అంతా విన్నది.

"వానితోని వెట్టుకోకు పిల్లా. మాట ఇచ్చిండు" అంది. "చీర మార్చుకొని వస్త. నేను గూడ వస్తున్న గాడికి."

సాయంత్రం హాలులో కొన్నవాళ్ళందరూ కుర్చీల్లో కూర్చున్నారు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద చెక్క, పక్కన ఉలి, సిరా, నా గంటె. నవాబు సాబు ఉర్దూలో అందంగా మాట్లాడారు. కళ గురించి, ఇమాన్ అంటే నిజాయితీ గురించి. ఆయన పూర్తిచేసి వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర అత్తమ్మ కనబడింది. గోడ మీద ఫ్రేములో ఉన్నావిడ ఎదురుగా నిలబడి ఉంటే ఆయనకు మాట తడబడింది. ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. అప్పటిదాకా ఆ బొమ్మ వెనక ఒక అమ్మ ఉందనే ధ్యాస ఆయనకు లేనట్టుంది.

మా ఆయన ఉలి తీసుకున్నారు. చెక్క మీదికి వంగారు. మళ్ళీ లేచారు, చెమట తుడుచుకున్నారు, మళ్ళీ వంగారు. ఉలి ముక్కు దగ్గర ఆగిపోయింది.

"జానే దేవ్, మాస్టర్ సాబ్" అన్నారు నవాబు సాబు నెమ్మదిగా. "అమ్మాజాన్ ముంగట వద్దు. మీ మాట మీద మాకు భరోసా ఉన్నది."

అంతటితో అయిపోవలసింది. కానీ డాక్టరు సాబు లేచాడు. "భరోసా వేరే, ఉసూల్ వేరే. నియమం నియమమే. రేపు చెక్క ఎవరి చేతికన్న పోతే? వందలు తీస్తే? మాది చిత్తు కాగితం అయితది" అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. నవాబు సాబు గారి మర్యాద ఆయన జాగీరులాగే ఆ హాలులో చెల్లలేదు.

మా ఆయన మూడోసారి వంగారు. నాకు ఆ డాక్టరు మీదకు గంటె విసరాలనిపించింది. ఈలోగా అత్తమ్మ కుర్చీల మధ్యనుంచి నడుచుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఇటియ్యి" అంది కొడుకుతో.

"అమ్మా, వద్దు."

"నువ్వు మాట ఇచ్చినవ్, గది తప్పద్దు. కొడుకు చెయ్యి తల్లి మొఖం మీదికి రావద్దు, గది గూడ తప్పద్దు. నా మొఖం నాది. నేను గీసుకుంట. ఇటియ్యిరా."

ఉలి ఆయన చేతిలోనుంచి తీసుకుంది. ఎడం చేత్తో చెక్కను అదిమిపట్టింది. నుదుటి మూలనుంచి గడ్డం దాకా ఒక గీత. మళ్ళీ రెండోవైపునుంచి ఇంకోటి. టేకు గట్టి చెక్క, ముసలి చెయ్యి. ఒక్క గీతకు రెండు మూడుసార్లు ఒత్తి లాగాల్సి వచ్చింది. కరకరమని ఆ చప్పుడు తప్ప హాలులో ఇంకేం లేదు. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు. నేను తిరగలేదు. చూశాను. ఇప్పటికీ ఎందుకు చూశానా అనిపిస్తుంది.

దస్తూరు ఇంకా అవలేదు. చెక్క పాడైందని రుజువుగా దాంతో ఒకే ఒక్క కాగితం అద్దాలి, అది సంఘం వారి దగ్గర ఉండాలి. మా ఆయన సిరా పూశారు, గంటెతో రుద్దారు, కాగితం ఎత్తారు. అదే ముఖం, అదే పెదవి. పైనుంచి కిందికి రెండు తెల్లని గీతలు ముక్కు మీద కలుసుకున్నాయి. నవాబు సాబు చెయ్యి చాచారు.

అత్తమ్మ మధ్యలోనే అందుకుంది. "మీకు పన్నెండు ఇచ్చినం. గిదాన్ని ఎవ్వరు కొనలేదు. గిది నాది."

నవాబు సాబు ఒక్క క్షణం చూసి, వంగి సలాం చేశారు. "బేషక్ అమ్మాజాన్, మీదే. సచ్ బోలే తో ఇదే అందరికంటే ఖీమతీ. దునియాల ఒకటే ఒకటి."

ఆ మాట వినపడగానే డాక్టరు సాబు మళ్ళీ లేచాడు. ఒక్కటే ఉన్నదైతే అది తనకు కావాలన్నాడు. ఏమిచ్చినా సరేనన్నాడు. ఇంత సిగ్గులేని మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అత్తమ్మ కింది పెదవి బిగుసుకుంది. నేను అలవాటు కొద్దీ ఒకడుగు వెనక్కి వేశాను.

"మంచి మొఖం నువ్వే తీస్కపోతివి గద డాక్టర్ సాబ్" అంది. "గీతల మొఖమన్న మాకు ఉండనీ."

గుల్జార్‌హౌజ్ దగ్గర దేవుడి పటాలు కట్టేవాడి చేత అద్దం కట్టించి, ఆమె కొట్టించుకున్న మొలకే తగిలించాం. వచ్చినవాళ్ళందరూ ఆ గీతలేంటని అడిగేవారు. ఆమె మనిషికో జవాబు చెప్పేది. బావగారికి, దిష్టి తగలకుండా అని. పక్కింటావిడకు, అది కొత్త ఫ్యాషన్ అని. నాకు గిట్టని ఆడపడుచు అడిగితే, "నీ వదిన గీరింది" అని చెప్పి తమాషా చూసింది. వారం రోజులు ఆ ఆడపడుచు నాతో మాట్లాడలేదు. అందుకు మాత్రం అత్తమ్మకు నేను రుణపడి ఉన్నాను.

కొన్నేళ్ళకు ఆమె పోయింది. ఫోటో దిగని ఆయుష్షు ఆమెకు మామగారి కంటే మెరుగ్గానే పనిచేసింది. కర్మకాండల రోజులకైనా గీతలు లేని ముఖం ఎదురుగా పెట్టుకుందామని మా ఆయన ఆశపడ్డారు. నవాబు సాబు అప్పటికి దేవిడీ అమ్ముకుని కొడుకు దగ్గరికి కరాచీ వెళ్ళిపోయారు, ఆయన కొనుక్కున్న ప్రతీ ఆయనతోనే పోయింది. మిగతావాళ్ళలో తెలిసినవాడు డాక్టరొక్కడే. ఆయన దగ్గరికి వెళ్ళి, నాలుగు రోజులు ఇవ్వండి, భద్రంగా తెచ్చిస్తానని అడిగారు.

డాక్టరు చాలా విచారించాడట. కుర్చీ వేశాడట, చాయ్ ఇప్పించాడట. "మాల వేస్తరు, తడి తగుల్తది. అగర్‌బత్తీ పొగ గూడ మంచిది కాదు" అన్నాడట. ఎప్పుడు చూడాలనిపించినా ఇంటికొచ్చి చూసుకొమ్మన్నాడట. అల్మారీ తెరిచి, బటర్ పేపరు తీసి, దూరంనుంచి చూపించాడట కూడా. మా ఆయన తన చేత్తో చెక్కిన తన తల్లి ముఖాన్ని, చేతులు వెనక కట్టుకుని చూసి ఇంటికి వచ్చారు.

మా ఇంట్లో ఉన్న దానికే మాల వేశాం. మాల ఒక గీతను కప్పింది. రెండోదాన్ని కప్పడానికి నేను ఎటు జరిపినా కుదరలేదు. జరిపి జరిపి ఆఖరికి అక్కడే కూర్చుని బావురుమన్నాను. ఆమె బతికుండగా ఆమె కోసం ఒక్కసారీ ఏడ్చినదాన్ని కాదు. ఆమె వల్ల ఏడ్చింది వేరే లెక్క.

మా అమ్మాయి ఆ తరవాత పుట్టింది. నాయనమ్మను చూడని పిల్ల. దానికి నాలుగేళ్ళప్పుడు పలక, బలపం ఇస్తే అక్షరాలు మానేసి బొమ్మలు గీసేది, తండ్రి పోలిక. ఒకనాడు పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "నాయినమ్మ" అంది. గుండ్రటి ముఖం, కొంగు, రెండు కళ్ళు. ముఖం మీద నుదుటినుంచి గడ్డం దాకా అటొకటి ఇటొకటి పొడుగాటి గీతలు.

"గా రెండు గీతలు తుడిచెయ్యి బిడ్డా. అవి మొఖంల ఉండవు" అన్నాను.

పిల్ల నన్ను వింతగా చూసింది. "గవి తుడిస్తే నాయినమ్మ ఎట్లయితదే అమ్మా?" అంది.

పలక పట్టుకుని తండ్రి దగ్గరికి పరిగెత్తింది. ఆయన బడిలో ఏ పిల్ల గీత వంకరపోయినా ఊరుకునే మనిషి కాదు, చెయ్యి పట్టుకుని దిద్దిస్తారు. పలక రెండు చేతులతో అందుకుని చాలాసేపు చూశారు. "మా అమ్మనే" అని, ఏమీ దిద్దకుండా పిల్ల చేతికి ఇచ్చేశారు.